కాంక్రీటు కాలిక్యులేటర్లు: పర్లాకిమిడి ఇంటికి ఎంతవరకు పనికొస్తాయి?

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు ఇల్లు మొదలెట్టేవాళ్ళు ఇప్పుడు మేస్త్రీని అడిగేలోపే ఫోన్‌లో లెక్క చూసుకుంటున్నారు. పొడవు, వెడల్పు, మందం కొడితే ఎన్ని బస్తాల సిమెంటు, ఎంత ఇసుక, ఎంత పిక్క (కంకర) అని క్షణంలో చెప్పే కాలిక్యులేటర్లు బోలెడు ఉచితంగా దొరుకుతున్నాయి. తర్వాత మేస్త్రీ ఇంకో అంకె చెబుతాడు. రెండింటికీ ఇరవై బస్తాల తేడా వస్తుంది, ఎవరిని నమ్మాలో తెలియదు. ఈ సమీక్ష ఆ ఇరవై బస్తాల గురించే.

దొరికేవి మూడు రకాలు. ఇంటి చదరపు అడుగులు కొడితే మొత్తం సామాను చెప్పేవి, ఒక్కో భాగం కొలతలు అడిగి క్యూబిక్ మీటర్లలో చెప్పేవి, అమెరికా వాళ్ళ కోసం తయారై మన ఫోన్లలోకి వచ్చేసినవి. మూడోవి వెంటనే తీసెయ్యండి. అవి క్యూబిక్ యార్డుల్లో చెబుతాయి. ఒక క్యూబిక్ యార్డు అంటే 27 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు), మన క్యూబిక్ మీటరు 35.3 సీఎఫ్‌టీ. వాటి 'బస్తా' కూడా మన 50 కిలోల సిమెంటు బస్తా కాదు. ఇసుక, పిక్క, సిమెంటు ముందే కలిపి అమ్మే 60 లేదా 80 పౌండ్ల సంచి. ఆ అంకె పట్టుకుని సిమెంటు కొట్టుకు వెళితే చెప్పుకోలేని నష్టం.

చదరపు అడుగుల రకం చాలావరకు అడుగుకు 0.4 బస్తా అనే వాడుక లెక్క మీద నడుస్తుంది. 24 × 30 అడుగుల ఇంటికి 720 చదరపు అడుగులు, అంటే 288 బస్తాలు. ఇందులో గోడ కట్టుబడి, ప్లాస్టరింగు, ఫ్లోరింగు అన్నీ కలిసి ఉంటాయి. బ్యాంకు లోను కాగితాలకు, డబ్బు ఏ నెలకు ఎంత కావాలో చూసుకోవడానికి ఇది చాలు. శ్లాబు రోజుకు సిమెంటు దింపించుకోవడానికి పనికిరాదు.

ఇక అసలు పనికొచ్చేది రెండో రకం. దాన్ని నమ్మే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. పొడవు 1 మీటరు, వెడల్పు 1, మందం 1, మిక్సు ఎం20 (కాంక్రీటు బలాన్ని చెప్పే గ్రేడు) అని కొట్టండి. ఎనిమిది బస్తాలకు అటూ ఇటూ రావాలి. ఎలాగంటే, ఎం20 వాడుక మిక్సు సిమెంటు, ఇసుక, పిక్క వరసగా 1:1.5:3, మొత్తం 5.5 పాళ్ళు. పొడి సామాను కలిపి తడిపాక కుదించుకుంటుంది కాబట్టి ఒక క్యూబిక్ మీటరు కాంక్రీటుకు పొడి సామాను 1.54 క్యూబిక్ మీటర్లు పడుతుంది. 1.54ని 5.5తో భాగిస్తే 0.28. క్యూబిక్ మీటరు సిమెంటు 1440 కిలోలు కాబట్టి 403 కిలోలు, అంటే 8.06 బస్తాలు. దానితో పాటు 14.8 సీఎఫ్‌టీ ఇసుక, 29.7 సీఎఫ్‌టీ పిక్క.

మీ ఫోన్ 5.2 బస్తాలు చెప్పిందంటే 1.54 వేసుకోకుండా నేరుగా 5.5తో భాగించేసింది. తీసెయ్యండి. 6.3 చెప్పిందంటే ఎం20 అని పేరు చూపిస్తూ లోపల 1:2:4 నడుపుతోంది. అది ఎం15. కాంక్రీటుకు మన దేశపు కోడు ఐఎస్ 456 ప్రకారం ఇనుము వేసే ఏ కాంక్రీటుకైనా ఎం20 తక్కువలో తక్కువ. 1.52 వాడారా, 1.57 వాడారా అన్న వాదన మాత్రం పెట్టుకోకండి. ఒక మామూలు శ్లాబు మీద ఆ తేడా మూడు బస్తాలు దాటదు.

ఎం25 నొక్కి చూడటం ఇంకో మంచి పరీక్ష. చాలా యాప్‌లు 1:1:2 పట్టుకుని క్యూబిక్ మీటరుకు 11 బస్తాలు అంటాయి, అంటే 554 కిలోలు. పాళ్ళ లెక్కన కాంక్రీటు కలపడానికి ఐఎస్ 456 ఎం20 వరకే ఒప్పుకుంటుంది. ఆ పైన ల్యాబులో డిజైన్ చేయించిన మిక్సు కావాలి. పైగా అదే కోడు, ప్రత్యేకంగా ఆలోచించి డిజైన్ చేస్తే తప్ప, క్యూబిక్ మీటరుకు 450 కిలోలు దాటి సిమెంటు వెయ్యొద్దంటుంది. ఎక్కువ సిమెంటు వేస్తే ఎక్కువ బలం అనుకోవడం తప్పు. వేడెక్కి, కుంచించుకుని, పగుళ్ళిస్తుంది. గోపాలపురం, ఇచ్ఛాపురం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో గట్టి గ్రేడు నిజంగానే అవసరం. ఆ ఇంటికి యాప్ అంకె చాలదు, డిజైన్ కాగితం తెచ్చుకోవాలి.

పరీక్షలో నెగ్గిన కాలిక్యులేటరు గుణకారంలో ఎప్పుడూ తప్పు చెయ్యదు. తప్పులన్నీ మనం పెట్టే కొలతల్లోనే వస్తాయి. అందులో పెద్దది అంగుళాలది. 5 అంగుళాల శ్లాబుకు మందం అడుగుల గడిలో 0.5 కొట్టేవాళ్ళే ఎక్కువ. 5 అంగుళాలంటే 0.4167 అడుగు. 9 అంగుళాలంటే 0.9 కాదు, 0.75. పైన చెప్పిన ఇంటికి చుట్టూ అడుగు బయటకు తీస్తే శ్లాబు 26 × 32, అంటే 832 చదరపు అడుగులు. నిజమైన కాంక్రీటు 347 సీఎఫ్‌టీ. 0.5 కొడితే 416. ఈ ఒక్క వేలి పొరపాటుకు పదహారు బస్తాలు ఎక్కువ చూపిస్తుంది. బీముకు వెడల్పు, లోతు రెండు చోట్లా 0.75 బదులు 0.9 కొడితే ఏకంగా 44 శాతం పెరుగుతుంది. అంగుళాల గడి విడిగా ఉన్న యాప్ ఎంచుకోండి. లేకపోతే అంకెను 12తో భాగించి మాత్రమే కొట్టండి.

తర్వాతది శ్లాబు, బీము కలిసే చోటు. ప్లానులో బీము 9 × 14 అంగుళాలు అని రాసి ఉంటుంది. ఆ 14లో పై 5 అంగుళాలు శ్లాబు మందమే. శ్లాబు లెక్కలో అది వచ్చేసింది కాబట్టి బీముకు కింద వేలాడే 9 అంగుళాలే వెయ్యాలి. యాప్‌కి ఈ సంగతి తెలియదు. అది శ్లాబు వేరు, బీము వేరు అనుకుని రెండూ నిండుగా కూడుతుంది. మన ఇంట్లో నిలువునా మూడు వరసలు, అడ్డంగా మూడు వరసలు బీములు. నిలువు బీములు 30 అడుగుల చొప్పున 90. అడ్డం బీములకు వాటి వెడల్పు తీసేస్తే 21.75 చొప్పున 65.25. మొత్తం 155.25 అడుగులు. 9 అంగుళాల వేలాడే లోతుతో 87 సీఎఫ్‌టీ వస్తుంది. 14 కొడితే 136. అంటే 49 సీఎఫ్‌టీ, పదకొండు బస్తాలు గాలిలోంచి పుట్టుకొస్తాయి.

శ్లాబు, బీములు కలిపి 434 సీఎఫ్‌టీ, అంటే 12.3 క్యూబిక్ మీటర్లు. ఎం20కి 99 బస్తాలు, 182 సీఎఫ్‌టీ ఇసుక, 365 సీఎఫ్‌టీ పిక్క. "నూటపాతిక దింపించండి బాబూ" అన్న మేస్త్రీ మోసం చేస్తున్నాడనుకోనక్కర్లేదు. 0.5 అడుగులో, 14 అంగుళాలో ఆయన లెక్కలోనూ దూరి ఉండొచ్చు. ఏ భాగానికి ఎంత వేశారని కూర్చుని అడగండి, కాగితం మీద తేలిపోతుంది. ఇనుము ఆక్రమించే చోటు మాత్రం తీసెయ్యకండి. అది దాదాపు ఒక్క శాతమే, కొలతల పద్ధతిలోనూ వదిలేస్తారు.

పిల్లరు కింద పునాదిగా వేసే ఫుటింగులో చాలా కాలిక్యులేటర్లు చేతులెత్తేస్తాయి. అవి పెట్టె ఆకారం తప్ప ఇంకోటి అడగవు. మనవాళ్ళు వేసేది కింద నిటారుగా, పైన వాలుగా ఉండే ఫుటింగు. అడుగున 4 × 4 అడుగులు, 9 అంగుళాలు నిటారు, ఆ పైన 9 అంగుళాల్లో 1.5 × 1.5కి తగ్గే వాలు అనుకోండి. నిటారు భాగం 12 సీఎఫ్‌టీ. వాలు భాగానికి కింది వైశాల్యం 16, పై వైశాల్యం 2.25, రెండింటినీ గుణించి వర్గమూలం తీస్తే 6. మూడూ కూడితే 24.25. దాన్ని ఎత్తు 0.75తో గుణించి 3తో భాగిస్తే 6.06. ఒక్కో ఫుటింగు 18 సీఎఫ్‌టీ. పెట్టె అనుకుని 4 × 4 × 1.5 కొడితే 24. ఈ ఇంటి తొమ్మిది ఫుటింగులకు 53 సీఎఫ్‌టీ తేడా, అంటే పన్నెండు బస్తాలు. 'ఫ్రస్టమ్' లేదా 'ట్రెపిజాయిడల్ ఫుటింగ్' అనే గడి ఉన్న యాప్ దొరికితే దానికి మిగతావాటి కంటే రెండు మార్కులు ఎక్కువ వేస్తాను. ఈ కొలతలు లెక్క చూపడానికే సుమా. మీ ఫుటింగు ఎంతుండాలో మీ నేలను చూసిన ఇంజనీరే చెప్పాలి.

ఫుటింగు కింద ఇనుము లేకుండా వేసే ఉత్త కాంక్రీటు, అంటే పీసీసీ విషయంలో యాప్ తక్కువ చెబుతుంది. 5 × 5 అడుగులు, 4 అంగుళాల మందం, తొమ్మిది గుంతలకు 75 సీఎఫ్‌టీ. 1:4:8 మిక్సుకు ఏడు బస్తాల పైన కొంచెం. కాగితం మీద సరిపోతుంది కానీ గుంత అడుగు కాగితంలా సమంగా ఉండదు. వరిమళ్ళ పక్క నేల తడికి జారుతుంది, అంచులు కూలుతాయి. జూన్ మధ్యలో రజ పండగకు మూడు రోజులు నేల తవ్వకూడదని ఒడియా కూలీలు పని ఆపేస్తారు. పండగకు ముందు తవ్వేసి వదిలిన గుంతలో తొలకరి వాన పడితే మెత్తబడిన మట్టిని తీసెయ్యాల్సిందే. తీసిన లోతంతా పీసీసీతోనే నింపాలి. అందుకే పీసీసీకి పది శాతం, ఫుటింగుకు అయిదు నుంచి ఏడు, పిల్లర్లకు, శ్లాబుకు మూడు నుంచి అయిదు శాతం అదనం వేసుకోండి. అన్నింటికీ ఒకే పది శాతం కలిపే యాప్‌లలో ఆ 'వేస్టేజ్' గడిని సున్నా చేసి, భాగం భాగానికి మీరే కలుపుకోవడం మేలు.

పిల్లర్లు, ప్లింతు బీములు (గోడల కింద వేసేవి) తేలిక, యాప్ చెప్పింది తీసుకోవచ్చు.  మెట్లలో ఒక్క జాగ్రత్త చాలు. మెట్టు అడ్డకోతలో త్రికోణం, కాబట్టి కాలు పెట్టే వెడల్పు, ఎత్తు గుణించి సగం చెయ్యాలి. కింద వాలుగా ఉండే శ్లాబు పొడవు వాలు వెంబడే కొలవాలి, నేల మీద కాదు.

ఇసుక గురించి ఏ కాలిక్యులేటరూ నోరు విప్పదు. వాటి మీద ఇదే నా పెద్ద ఫిర్యాదు. అవి చెప్పేది పొడి ఇసుక. మహేంద్రతనయ నుంచో వంశధార నుంచో వచ్చిన ఇసుక ఎప్పుడూ చెమ్మగానే దిగుతుంది. చెమ్మ ఇసుక రేణువుల చుట్టూ నీటి పొర పట్టి ఉబ్బుతుంది. నాలుగైదు శాతం తేమకే ఇరవై, ముప్ఫై శాతం ఉబ్బడం మామూలు, సన్న ఇసుకైతే ఇంకా ఎక్కువ. ఎంత ఉబ్బిందో సైటులోనే తేల్చొచ్చు. నిటారు గోడలున్న గాజు జాడీలో ఇసుకను నొక్కకుండా 20 సెంటీమీటర్ల ఎత్తుకు పోయండి. దాన్ని తీసి, అదే జాడీలో సగం నీళ్ళు పోసి, ఇసుకను మళ్ళీ వేసి బాగా కదిపి తేరనివ్వండి. ఇసుక 16 దగ్గర ఆగితే, 20ని 16తో భాగించి ఒకటి తీసెయ్యండి. 0.25, అంటే పాతిక శాతం ఉబ్బింది. అప్పుడు 182 సీఎఫ్‌టీ కాదు, 228 దింపించాలి. కాంక్రీటు కలిపే మిల్లరులో వేసేటప్పుడూ బస్తాకు పెట్టెన్నర (పెట్టె కొలత కింద చెబుతాను) బదులు పెట్టెన్నర మీద పాతిక శాతం వెయ్యాలి. అలా వెయ్యకపోతే ఇసుక తగ్గి, పిక్క మధ్య సందులు నిండక, సెంట్రింగు విప్పాక తేనెపట్టులా కనిపిస్తుంది. మేస్త్రీ పనితనం బాగోలేదని అందరూ తిట్టుకుంటారు కానీ చాలాసార్లు తప్పు ఇసుక కొలతదే. ట్రాక్టరు లోడును కూడా 'ఒక లోడు' అని కొనకండి. తొట్టి లోపలి పొడవు, వెడల్పు, ఇసుక ఎత్తు టేపుతో కొలిచి సీఎఫ్‌టీల్లో కొనండి. పైన గోపురంలా పోసినది దారిలో కుదుపులకే దిగిపోతుంది.

కొలత పెట్టె లేని సైటులో ఏ యాప్ లెక్కా నిలవదు. సిమెంటు బస్తా 34.7 లీటర్లు, అంటే 1.23 సీఎఫ్‌టీ. లోపల అడుగు పొడవు, అడుగు వెడల్పు, 15 అంగుళాల ఎత్తు ఉండే చెక్క పెట్టె చేయిస్తే దాదాపు ఒక బస్తాకు సమానం. ఎం20కి బస్తాకు పెట్టెన్నర ఇసుక, మూడు పెట్టెల పిక్క. గమేళాలతో వేస్తే పొద్దున ఒకలా, మధ్యాహ్నం అలిసిపోయాక ఇంకోలా నిండుతాయి. ఐఎస్ 456 ఎం20కి బస్తాకు ఇసుక, పిక్క కలిపి 250 కిలోలు, నీళ్ళు 30 లీటర్లు దాటొద్దంటుంది. పెట్టె లెక్కన వేసింది సుమారు 240 కిలోలకు వస్తుంది, అంటే కోడు లోపలే. ఒక్క గమేళా పిక్క ఎక్కువ పడినా దాటేసినట్టే. మామూలు 10/7 మిల్లరులో ఒకసారికి పది సీఎఫ్‌టీల పొడి సామానే పడుతుంది. ఒక బస్తా మిక్సు 6.7. రెండు బస్తాలు తొయ్యాలని చూస్తే 13.5, అది కలవదు, ఒలికిపోతుంది.

శ్లాబు రోజు లెక్కను అక్కడికక్కడే సరిచూసుకునే దారి ఒకటుంది. ఒక బస్తా ఎం20కి 4.38 సీఎఫ్‌టీ కాంక్రీటు రావాలి. పది బస్తాలయ్యాక ఆపకుండానే టేపు పట్టండి. బీము కలవని చోట 5 అంగుళాల శ్లాబు సుమారు 105 చదరపు అడుగులు నిండి ఉండాలి. 90 దగ్గరే ఆగిందంటే సెంట్రింగు దిగిపోయి మందం పెరిగిందో, ఇసుక ఉబ్బు వెయ్యలేదో చూడండి. 120 దాటిందంటే ఇంకా చెడ్డది. మందమైనా తగ్గింది, పిక్క అయినా ఎక్కువ పడుతోంది. ఇదే ఇంట్లో శ్లాబు మందం అర అంగుళం పెరిగితే ఒక క్యూబిక్ మీటరు, ఎనిమిది బస్తాలు లేచిపోతాయి. సెంట్రింగు పలకల మట్టం ముందు రోజు సాయంత్రమే నీటి గొట్టంతో చూసుకుంటే ఆ ఎనిమిదీ మిగులుతాయి.

బరంపురం లాంటి ఊళ్ళో ప్లాంటు నుంచి రెడీమిక్స్ తెప్పించుకునేవాళ్ళకు బస్తాల గొడవ ఉండదు, కొలత గొడవ ఉంటుంది. యాప్ 12.3 క్యూబిక్ మీటర్లు చెబితే 12.3 ఆర్డరివ్వకండి. పంపు పైపులో మిగిలేది మీ లెక్కలో లేదు. 125 మిల్లీమీటర్ల పైపు 30 మీటర్లు పరిచితే అందులోనే 0.37 క్యూబిక్ మీటరు ఉంటుంది, తొట్టిలో మిగిలింది వేరు. 13 చెప్పండి. రెండు బళ్ళు దిగాక మిగిలిన చోటు కొలిచి ఆఖరి బండికి అంకె ఖాయం చేసేలా ముందే మాట్లాడుకుంటే ఇంకా మంచిది. బండిలో ఎంత వచ్చిందో అనుమానముంటే వేబ్రిడ్జి ఉంది. ఖాళీ బరువు తీసేసి మిగిలిన కిలోలను 2400తో భాగిస్తే క్యూబిక్ మీటర్లు. ఆరు క్యూబిక్ మీటర్ల బండి దాదాపు 14.4 టన్నుల సరుకు మొయ్యాలి. చలానాలో లోడు చేసిన సమయం చూడండి. రెండు గంటల్లోపు దించడం అయిపోవాలి. నీళ్ళు కలిపి పలుచన చేస్తామంటే ఒప్పుకోకండి.

కాంక్రీటు తక్కువ పడితే ఏమవుతుందో తెలిసే మేస్త్రీలు ఎక్కువ చెబుతారు, వాళ్ళ భయం న్యాయమైనదే. సగం శ్లాబు పోశాక సిమెంటు అయిపోయి, కొట్టు మూసి ఉంటే, మొదట పోసింది బిగిసిపోయి రెండోది దానికి అతుక్కోదు. ఆ గీత వెంబడే వానాకాలంలో నీళ్ళు కారతాయి. తప్పనిసరిగా ఆపాల్సి వస్తే బీము పక్కన ఆపకండి. రెండు బీముల మధ్య దూరంలో, నడిమి మూడో వంతులో, చెక్క అడ్డం పెట్టి నిటారుగా ఆపండి. అక్టోబరులో శ్లాబు పెట్టుకునేవాళ్ళు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడకుండా మిల్లరు పిలవొద్దు. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న, తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న ఈ తీరం మీదే దాటాయి.

అలాగని ఇరవై బస్తాలు ఎక్కువ కొని ఇంట్లో పెట్టుకోవడం కూడా సరికాదు. ఇక్కడి చెమ్మకు మూడు నెలలు నిల్వ ఉన్న సిమెంటు అయిదో వంతు బలం పోగొట్టుకోవచ్చు. ఈ ఇంటి శ్లాబుకు 104 బస్తాలు దింపించుకుని, ఇంకో ఎనిమిది కొట్టులో పక్కన పెట్టించండి. కావాలంటే ఆ రోజే పంపేట్టు, అక్కర్లేకపోతే డబ్బు తీసుకోనట్టు కొట్టాయనతో ముందు రోజే మాట్లాడుకోండి. శ్లాబు రథయాత్ర రోజో, ఆదివారమో పడితే ఆ ఎనిమిదీ కూడా ఇంటికే తెప్పించి, నేలకు తగలకుండా చెక్కల మీద పేర్చి, టార్పాలిన్ కప్పండి.